వేడిమినుండి విద్యుత్తు: లోహము మొదలు ప్లాస్టిక్ పొర వఱకు



బొగ్గును మండించి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ యావిరిచే చక్రమును ద్రిప్పి విద్యుత్తును బడయుట మీ రెఱిగినదే. చక్రము లేక, ఆవిరి లేక, కదలెడు భాగమేదియు లేక, వేడిమినుండి నేరుగా విద్యుత్తును బడయు మార్గ మొకటి కలదు. దాని చరిత్రమును సంగ్రహముగా మనవి చేసెదను.

1821 వ సంవత్సరమున బెర్లిను నగరమందు సీబెక్ అను పండితుడు రెండు వేఱు లోహములను కొనలు గలిపి వలయముగా జేసి, ఒక కలయికను వేడిచేసెను. చెంతనున్న దిక్సూచి ముల్లు కదలెను. రెండు కలయికలకును వేడిమి భేదమున్న ముల్లు కదలును. భేదము లేకున్న కదలదు. అన్వయ వ్యతిరేకములు రెండును కుదిరినవి. కాని యాతడు దీనిని అయస్కాంత శక్తియే యని తలంచెను. వలయమున విద్యుత్తు పాఱుటచేతనే ముల్లు కదలినదని గ్రహించినవాడు డెన్మార్కు దేశీయుడగు ఊర్‌స్టెడ్. కార్యమును జూచినవా డొకడు. కారణమును జెప్పినవాడు మఱియొకడు. 1834 లో ఫ్రాన్సు దేశీయుడగు పెల్టియే దీని విపర్యయమును గనుగొనెను: అట్టి కలయికగుండ విద్యుత్తును బంపిన, ప్రవాహపు దిక్కును బట్టి యచట వేడిమియో చల్లదనమో కలుగును.

లోహములవలన లభించు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. 20 వ శతాబ్ది మధ్యమున అర్ధవాహకములు చేతికి వచ్చిన పిదప కొంత ఫలము కలిగెను. సోవియట్ రష్యాలో యోఫే అను పండితుని పరిశోధనల ననుసరించి, కిరోసిను దీపముపై నట్టి యుపకరణము నమర్చి, విద్యుత్తు లేని పల్లెలలో రేడియోను పలికించిరి. ఒకే దీపము వెలుగు నిచ్చెను, వార్తలను వినిపించెను. అయితే బిస్మతు, టెల్లూరియముల సమ్మేళనము వంటి యీ పదార్థములు పెళుసైనవి, వంచిన విఱుగును. టెల్లూరియము భూమిపై మిక్కిలి యరుదు.

వంగెడు పదార్థము ప్లాస్టిక్. కాని యది విద్యుత్తునకు అడ్డుగోడ. అందుచేతనే రాగితీగకు దానిని తొడుగుగా వేయుదురు. ఈ నమ్మకము 1977 లో సడలెను. జపాను దేశీయుడగు షిరకావాయు, అమెరికాలో పనిచేయుచుండిన మక్‌డయర్మిడ్, హీగర్ అనువారును గలిసి, పాలీయసెటిలీను అను వెండివలె మెఱయు పొరకు అయొడిను ఆవిరిని సోకించిరి. దాని విద్యుద్వాహకత కోటి రెట్లు పెరిగెను. కిక్కిఱిసిన తిరునాళ్లలో కొందఱు తొలగిన దక్కినవారు కదలగలుగుదురు గదా! అట్లే అయొడిను కొన్ని ఎలక్ట్రానులను లాగికొనగా, మిగిలినవానికి కదలుటకు చోటు దొరకెను. ఈ మువ్వురకును 2000 లో నోబెల్ బహుమాన మొసగిరి.

ఆ పొర గాలి తగిలిన చెడును. 1980 ల చివర జర్మనీలోని బాయర్ సంస్థవారు పెడాట్ అను స్థిరమైన పదార్థమును గనిపెట్టిరి. అది నీట కరగదు; ఆమ్లగుణము గల మఱియొక పాలిమర్‌తో మేళవించిన, సిరావలె నీట గలిసి, వంగెడు పలుచని రేకుపై పూయుటకు వీలగును.

ఇచట నొక చిక్కు కలదు. తోడు చాలకున్న పాలు పేరుకొనవు. మించిన పెరుగు పులియును. అట్లే ఎలక్ట్రానులను లాగు ద్రవ్యము హెచ్చిన విద్యుత్తు సుళువుగా బాఱును గాని, ఒక్కొక్క డిగ్రీ భేదమునకు గలుగు విద్యుద్బలము తగ్గును. మితమే యిందలి రహస్యము. 2011 లో స్వీడనులోని లిన్‌షోపింగ్ పండితులు పెడాట్‌నందు ఆ మితమును సవరించి 0.25 అను యోగ్యతాసంఖ్యను సాధించిరి. ఉత్తమమైన బిస్మతు సమ్మేళనములకు అది సుమారు 1. పావువంతే యైనను, అడ్డుగోడ యనుకొన్నదానికి అది చిన్న ఘనత గాదు. ప్లాస్టిక్ వేడిమిని సుళువుగా జాఱనీయదు గనుక ఆ గుణమును దీనికి సాయమే.

దేహపు వేడిమితో గడియారములను, రోగుల నాడి చూచు చిన్న యంత్రములను నడుపవలెనని పండితుల యాశ. అయితే విద్యుత్తును బుట్టించునది వేడిమి గాదు, వేడిమి భేదము. మన వేసవిలో గాలియు దేహమంత వెచ్చనైనప్పుడు ఆ పొర యేమియు నీయదు. కావున నెవరైనను ఇట్టి యుపకరణమును గొనుడని మీ గుమ్మము నెక్కిన, వెల యడుగుటకు ముందే యొక ప్రశ్న వేయుడు: ‘‘నాయనా, వేడి కొనను జూపితివి, చల్లని కొన యేది?’’