పీఎస్‌పీలో ముస్తఫా

పాతబస్తీ వీడియోగేమ్ షాపుల్లో "కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ ఉందా?" అంటే ఎవడికీ అర్థమయ్యేది కాదు. "ముస్తఫా" అనాలి. 1993లో కాప్‌కామ్ తీసిన ఈ గేమ్‌లో నలుగురు హీరోలు. వాళ్లలో పసుప్పచ్చ టోపీవాడు ముస్తఫా కైరో. చార్మినార్ గల్లీల్లో ఆ పేరు క్లాసుకొకడికైనా ఉంటుంది, ఇంకెవణ్ణి ఎంచుకుంటారు మరి? మూలమైన మార్క్ షుల్ట్జ్ కామిక్‌లో అసలు హీరో జాక్ అంటే ఎవడిక్కావాలి!

చిక్కేంటంటే, ఇది అప్పట్లో ఏ ఇంటి కన్సోల్‌కీ రాలేదు. పైగా కాపీ కొట్టకుండా సౌండ్ ప్రోగ్రాంని ఎన్‌క్రిప్ట్ చేసి, కీని బ్యాటరీతో నిలిచే మెమరీలో పెట్టారు. బ్యాటరీ చచ్చిందా, కీ పోయినట్టే. ఒరిజినల్ బోర్డుకి ఆయుష్షు ముందే రాసిపెట్టారన్నమాట.

దాన్ని పీసీలో బతికించింది 1997లో మొదలైన మేమ్. పీఎస్‌పీలోకి తెచ్చింది సీపీఎస్1పీఎస్‌పీ అనే ఎమ్యులేటర్. పీఎస్‌పీ తెర 480×272, గేమ్ బొమ్మ 384×224. సాగదీయక్కర్లేదు, పిక్సెల్‌కి పిక్సెల్ పడుతుంది. ఆ పాత బోర్డు ప్రాసెసర్ 12 మెగాహెర్ట్జ్, పీఎస్‌పీది 333 దాకా వెళ్తుంది. గేమ్ హక్కులు కాప్‌కామ్‌వేనని తెలుసులెండి, అది వేరే గొడవ.

షాపులో ముగ్గురం కలిసి ఆడేవాళ్లం. ఇప్పుడు నేనొక్కణ్ణే. వెనకనించి "ఏక్ లైఫ్ దే రే" అనేవాడు లేడు.