వీర్నపల్లి సీమ పలుకుబడియు వ్యాపారమును

ఒక సీమ పలుకుబడిని పరిశీలించువారు ధ్వనులను, ప్రత్యయములను లెక్కింతురు. దాని వెలను లెక్కింపరు. 2016లో మండలకేంద్రమైన వీర్నపల్లి మొదలుకొని సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్లల వరకు గల సీమలో ఆ వెల మన కన్నులయెదుటనే మారినది. ఆ మార్పునెడ వ్యాపారులు ఎట్లు ప్రవర్తించిరో ఇచట చూడదలచితిమి.

'ఇస్మార్టు' అను మాటను తీసికొందము. పదాదియందలి సంయుక్తాక్షరమునకు ముందు ఇకారము చేర్చుట ఉర్దూ మాటలాడువారి అలవాటు. 'ఇస్కూలు', 'ఇస్టేషను' ఇట్లే పుట్టినవి. చదువరులు దీనిని మోటుదనమని నవ్విరి. సినిమా వ్యాపారము ఆ నవ్వునే అమ్ముకొన్నది. తెలంగాణపు యాస చిరకాలము హాస్యగానికిని, ప్రతినాయకునికిని కేటాయింపబడెను. 2017లో 'ఫిదా' చిత్రమున నాయికయే ఆ యాస మాటలాడినది. 2019 జూలైలో 'ఇస్మార్ట్ శంకర్' వెలువడుటతో, వెక్కిరింతకు గురియైన ఇకారము నాయకుని బిరుదమైనది.

ఈ నడుమ వ్యాపారులు తమంతట మేలుకొనలేదు. యువకులు వారిని మేల్కొల్పిరి. నేడు జగిత్యాల జిల్లాలోనున్న లంబాడిపల్లిలో 2012లో శ్రీరాం శ్రీకాంత్ 'మై విలేజ్ షో'ను యూట్యూబునందు ప్రారంభించెను. కూలిపని చేసి, బీడీలు చుట్టి బ్రతికిన గంగవ్వ మాటలు అందుండి చేతిఫోనులలో దూరదేశములకు పోయినవి. వీ6 చానెలు డప్పుదరువు పేరిట 'తీన్‌మార్' వార్తలను ఈ యాసలోనే చెప్పించినది. అందు పేరుగన్న బిత్తిరి సత్తిని 2019లో టీవీ9 తనవైపు త్రిప్పుకొన్నది.

ఇచట ఒక కిటుకున్నది. కుర్రవారు ఒక మాటను కత్తిరించి, కొత్త సందర్భము తగిలించి పంచుకొను 'మీము' ఆయుర్దాయము స్వల్పము. ప్రకటన సిద్ధమగునప్పటికి మాట పాతబడును. ఆలస్యముగా ఎరువు తెచ్చుకొన్న వర్తకుడు తానే నవ్వులపాలగును. చట్టమును అతనికి తోడురాదు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము 9వ విభాగము, వాడుకభాషలో సామాన్యమైపోయిన మాటల నమోదును సాధారణముగా నిరాకరించుచున్నది. 'జర', 'గిట్ల', 'లొల్లి' ఏ దుకాణదారుని సొత్తును కావు. కావున మాటను కొనజాలని వ్యాపారి నోటిని కొనుచున్నాడు. గంగవ్వకు 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' చిత్రములందును, 2020లో బిగ్ బాస్ నాలుగవ సీజనునందును చోటు దొరకినది. ఆమె కోరుకొన్న సొంత ఇల్లు పిమ్మట ఊరిలో లేచినది. అది ఆమెకు న్యాయముగా రావలసినదే. కాని ఆ మాటలను తరతరములుగా కాపాడిన తక్కిన ఊరివారికి రాబడి ఏమున్నది? మేమును ఆ మాటలను వెల లేకయే సేకరించి వ్యాసములు వ్రాసితిమి గనుక, తప్పు వర్తకునిపైననే మోపజాలము.

అంతకంటె మమ్ము కలతపెట్టునది వేరొకటి. అంగడి కెక్కినవి అరుపు మాటలు మాత్రమే. సిరిసిల్ల సాంచాలకడ, బీడీ చాటలకడ వినబడు మాటలను ఏ ప్రకటనయు అడుగదు.

2023 మార్చిలో వచ్చిన 'బలగం' ఇందులకు కొంత అపవాదము. సిరిసిల్ల వాడైన వేణు యెల్దండి దానిని తీసెను. అందు యాస నవ్వించుటకే గాక, కాకి ముట్టని పిండము ముందు నిలిచిన కుటుంబము కలహించుటకును, ఏడ్చుటకును పనికివచ్చినది. ఆ వేసవిలో పలు గ్రామములవారు నడివీధిని తెర కట్టి, ఊరంతయు కూర్చుండి, టిక్కెట్టు లేకయే దానిని చూచిరి.