సూదిమొనతో జరిపిన రసాయన చర్య

పరీక్షనాళికలో ఒక చర్య జరుగునపుడు కోట్లాది అణువులు ఒకేసారి అందులో పాల్గొనును. ఏ అణువునకు ఏమి జరిగినదో రసాయనజ్ఞుడు చూడలేడు. మొదట వేసినదానిని, చివర వచ్చినదానిని పరీక్షించి, నడుమ జరిగినదానిని ఊహించవలసి యుండును. రెండే రెండు అణువులను తీసికొని, చర్యను మెట్టు మెట్టుగా నడిపింపవచ్చునా?

దీనికి సాధనము 1981లో లభించెను. జ్యూరిచ్ సమీపమున గల ఐ.బి.ఎం. పరిశోధనశాలలో బిన్నిగ్, రోరర్ అను శాస్త్రజ్ఞులు వాడియైన లోహపు సూదిని ఒక ఉపరితలమునకు సుమారు 1 నానోమీటరు, అనగా మీటరులో నూరు కోట్లవ వంతు, దూరమునకు తెచ్చి స్వల్పమైన వోల్టేజి నిచ్చిరి. మొన తగలకున్నను ఎలక్ట్రాన్లు ఆ ఖాళీని దాటెను. దీనినే సొరంగ ప్రభావమందురు. ఎడము 0.1 నానోమీటరు పెరిగినచో విద్యుత్ప్రవాహము సుమారు పదవ వంతునకు పడిపోవును. కావున ప్రవాహము మారకుండ సూదిని పైకి క్రిందికి సవరించుచు వరుసలుగా నడిపినచో, పరమాణువుల ఎత్తుపల్లములు పటముగా ఏర్పడును. ఈ కృషికి వారు 1986లో నోబెల్ బహుమతిని ఎర్నెస్ట్ రుస్కాతో పంచుకొనిరి.

చూచుటకు పుట్టిన సూది త్వరలోనే పనిముట్టయ్యెను. 1989లో కాలిఫోర్నియాలో ఐగ్లర్, ష్వైజర్ అనువారు నికెలుపై 35 జీనాన్ పరమాణువులను సూదితో జరిపి, ఐ.బి.ఎం. అను అక్షరములుగా పేర్చిరి. కాని అది అమరికయే. రసాయన చర్య కాదు.

ఆ మెట్టును 2000లో బెర్లిన్‌లో హ్లా, బార్టెల్స్, మేయర్, రీడర్ దాటిరి. వారెన్నుకొన్నది 1901 నాటి ఉల్మన్ చర్య. హాలోజను గల రెండు బెంజీను వలయములను రాగి సమక్షమున వేడి చేసి జోడించుట దాని సారము. వీరు రాగి ఉపరితలముపై అయోడోబెంజీను అణువులనుంచి, 20 కెల్విన్ డిగ్రీలకు, అనగా సుమారు −253 సెంటిగ్రేడు డిగ్రీలకు, చల్లబరచిరి. సూది నుండి పంపిన ఎలక్ట్రాన్లచే అయోడిను బంధము తెగెను. అయోడినును ప్రక్కకు నెట్టి, మిగిలిన రెండు ఫినైలు ముక్కలను దగ్గరకు చేర్చిరి. అవి వెంటనే కలియలేదు. మరల ఎలక్ట్రాన్లను పంపగా కలిసెను. నిజముగా బంధమేర్పడినదా? ఒక కొనను పట్టి లాగగా రెండును కలిసి కదలెను. ఏర్పడినది బైఫినైలు.

ఇట్లు అణువు వెంట అణువును చేయుచు ఒక సీసా నింపుట అసాధ్యము. పైగా ఇచట శక్తి నిచ్చినవి ఎలక్ట్రాన్లు, వేడిమి కాదు. అయినను బంధము తెగుట, ముక్కలు చేరుట, క్రొత్త బంధము కలుగుట అను మూడు మెట్లను విడివిడిగా నడిపి చూచుటకు వీలయ్యెను. ఉల్మన్ చర్యకు ఆ భాగ్యము కలుగుటకు దాదాపు నూరేండ్లు పట్టెను.