మద్రాసులో గీసిన పటం

1952లో జి.ఎన్. రామచంద్రన్ మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖకు అధిపతిగా వచ్చేనాటికి ఆయనకు ముప్పయ్యేళ్లు. బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, కేంబ్రిడ్జిలో డాక్టరేట్ పుచ్చుకుని వచ్చాడు. కొత్త శాఖకు ఒక మంచి సమస్య కావాలి. మద్రాసుకు వచ్చిన స్ఫటిక శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్, చర్మానికీ ఎముకకూ పటుత్వమిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ నిర్మాణం ఇంకా తేలలేదన్నాడు. అదే ఊళ్లో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఉంది కనుక నమూనాలకు కొదవ లేదు. గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో, మూడు గొలుసులు కలిసి ఉండే నిర్మాణాన్ని ఆయన ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది దాన్ని పెనవేసుకున్న మెలికగా సవరించాడు.

ఆక్షేపణ వెంటనే వచ్చింది. ఆ నమూనాలో కొన్ని పరమాణువులు ఉండకూడనంత దగ్గరగా ఉన్నాయని ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ ఎత్తిచూపారు. గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఎన్నన్న వాదంలోనూ చివరకు వాళ్ల పక్షమే నిలిచింది. కానీ 'ఉండకూడనంత దగ్గర' అంటే ఎంత? రామచంద్రన్ ఈ ప్రశ్నను వదల్లేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదే.

వి. శశిశేఖరన్, సి. రామకృష్ణన్‌లతో కలిసి ఆయన అప్పటికి తెలిసిన స్ఫటిక నిర్మాణాలను వెదికాడు. ఏ రెండు పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవో వాటి నుంచి కనీస దూరాలు రాబట్టాడు. అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధం దాదాపు చదునుగా బిగిసి ఉంటుంది. కాబట్టి గొలుసు వెన్నెముక తిరగడానికి ప్రతి అమైనో ఆమ్లం దగ్గరా ముఖ్యంగా మిగిలేవి ఫై, సై అనే రెండు కోణాలే. ఒక్కొక్క కోణాల జంటకు పరమాణువుల దూరాలు కట్టి, ఢీకొన్నవాటిని కొట్టేస్తూ పోవాలి. ఆ లెక్కలు బల్ల మీద పెట్టుకునే గణన యంత్రాలతో చేశారు. ఆ రెండు కోణాలను అడ్డ, నిలువు అక్షాలుగా పెట్టి గీసిన పటం పూర్తయ్యాక చూస్తే నాలుగింట మూడు వంతులకు పైగా నిషిద్ధ ప్రాంతమే. లైనస్ పాలింగ్ బృందం చెప్పిన ప్రోటీన్ ఆకృతులు, ఆల్ఫా హెలిక్స్, బీటా పలకలు, మిగిలిన దీవుల్లో ఒదిగాయి. పక్క గొలుసు లేని గ్లైసీన్‌కు మాత్రం స్వేచ్ఛ ఎక్కువ.

1963లో జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీలో ఈ పని అచ్చయింది. అదే ఏడాది జనవరిలోనూ, మళ్లీ 1967లోనూ మద్రాసులో అంతర్జాతీయ సదస్సులు జరిగాయి. విద్యార్థులకు విదేశీ నిపుణులు ఇంటి వాకిట్లోనే దొరికారు. పరికరాలు తక్కువైన చోట అది చిన్న సంగతి కాదు.

1970ల తొలినాళ్లలో ఆయన బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగాన్ని నెలకొల్పాడు. శశిశేఖరన్, రామకృష్ణన్ కూడా అక్కడికే చేరారు. ప్రోటీన్ నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ మొదలైంది 1971లో. అక్కడ కొత్త ప్రోటీన్ నిర్మాణాన్ని జమచేసేటప్పుడు కోణాలను నేటికీ ఈ పటంతోనే సరిచూస్తారు. నిషిద్ధ ప్రాంతంలో పడ్డవాటిని వేరుగా గుర్తిస్తారు.