నోటి దుర్వాసన: కారణ నిరూపణ, చికిత్సాక్రమం – ఒక చారిత్రక పరిశీలన

నోటి దుర్వాసనను పోగొట్టడానికి మనిషి అనాదిగా రెండు మార్గాలను అనుసరించాడు. ఒకటి మాలిన్యాన్ని తొలగించడం, రెండవది సుగంధంతో కప్పిపుచ్చడం. వీటి పరస్పర ప్రాధాన్యం కాలక్రమంలో ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చరకసంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలో ముఖశుద్ధికి ఒక నిర్దిష్టమైన క్రమం కనిపిస్తుంది. మొదటిది దంతధావనం. కొస నలగగొట్టిన పుల్లతో చిగుళ్ళకు గాయం కాకుండా రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకోవాలి. ఇందుకు వగరు, కారం, చేదు రుచులు గల కానుగ, జిల్లేడు వంటి పుల్లలు శ్రేష్ఠమని చెప్పబడింది. రెండవది జిహ్వానిర్లేఖనం, అంటే నాలుక గీసుకోవడం. దానికి వాడే బద్ద బంగారం, వెండి, రాగి వంటి లోహాలతో చేసినదై, వంపు కలిగి, పదును లేనిదై ఉండాలి. నాలుక మొదట్లో చేరిన మలినానికీ దుర్గంధానికీ గల సంబంధాన్ని చరకుడు ఇక్కడే గుర్తించాడు. జాజికాయ, లవంగం, తమలపాకు, కర్పూరం, ఏలకులు మొదలైన సుగంధద్రవ్యాల ప్రస్తావన ఆ తరువాతనే వస్తుంది. శోధనం ముందు, సుగంధం వెనుక అన్న ఈ వరుస గమనార్హం. సుశ్రుతసంహిత సైతం చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో దంతకాష్ఠాన్నీ, పది అంగుళాల జిహ్వానిర్లేఖనాన్నీ పేర్కొన్నది. వేపపుల్లతో పళ్ళు తోముకొని, దానినే నిలువునా చీల్చి నాలుక గీసుకొనే తెలుగు పల్లెల అలవాటు ఈ క్రమానికి సన్నిహితమైనది.

పాశ్చాత్య దేశాలలో ఈ విషయం వేరొక మలుపు తిరిగింది. 1874లో న్యూయార్క్ వైద్యుడు జోసెఫ్ హౌ శ్వాసదుర్గంధంపై ప్రత్యేక గ్రంథం ప్రకటించాడు. 1879లో శస్త్రచికిత్సలకు క్రిమిసంహారిణిగా రూపొందిన లిస్టరిన్, 1920లలో నోటి దుర్వాసనకు మందుగా విస్తృత ప్రచారం పొందింది. అంతవరకు వైద్యపరిభాషకే పరిమితమైన ‘హాలిటోసిస్’ అనే మాట ఆ ప్రకటనల ద్వారా జనవ్యవహారంలోకి వచ్చింది. పెళ్ళి కాకపోవడానికి కూడా దుర్వాసనే కారణమన్న భయాన్ని అవి రేకెత్తించాయి. ఆ విధంగా ఒక శారీరక లక్షణం సామాజిక అవమానంగా మారింది.

కెనడాలో జోసెఫ్ టోన్జెటిచ్ 1960లు, 70లలో చేసిన పరిశోధనలు దృష్టిని మళ్ళీ మాలిన్యం వైపు మరల్చాయి. ప్రాణవాయువు అందని చోట పెరిగే సూక్ష్మజీవులు మాంసకృత్తులను విచ్ఛిన్నం చేసినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ వంటి గంధక వాయువులు వెలువడతాయి. వీటికి ప్రధాన స్థానాలు నాలుక వెనుక భాగం, వ్యాధిగ్రస్తమైన చిగుళ్ళు. నిద్రలో లాలాజలం తగ్గడం వలన ఉదయం వాసన హెచ్చుతుంది. ముక్కు, గొంతు వ్యాధులు, అదుపు తప్పిన మధుమేహం వంటివి కారణమయ్యే సందర్భాలు తక్కువ.

చరకునికి సూక్ష్మజీవశాస్త్రం తెలుసునని దీని అర్థం కాదు. కారణం తెలియకపోయినా స్థానాన్ని ఆయన సరిగా గుర్తించాడనడమే సమంజసం. అయితే సంప్రదాయంలోని రెండు అంశాలనూ ఒకే త్రాసులో తూచరాదు. తాంబూలంలోని వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. పైగా ఏ పరిమళమైనా చిగుళ్ళ వ్యాధిని నయం చేయదు, దాని ఉనికిని మరుగుపరుస్తుంది. ప్రాచీన గ్రంథాల నుండి నేడు స్వీకరించదగినది వాటిలోని సుగంధద్రవ్యాల పట్టిక కాదు, శోధనానికి అవి ఇచ్చిన ప్రథమస్థానం.