సభలో మాట అందరికీ అందాలంటే
నాందేడ్ జిల్లా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు నేటికీ తెలుగు వినిపిస్తుంది. మన సభల్లో తెలుగు, మరాఠీ రెండూ నడుస్తాయి. ఆ మాట దివ్యాంగులకూ అందాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందుకే ఈ జాగ్రత్తలు పాటిద్దాం:

• పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునేవారి కోసం వక్త ముఖంపై వెలుతురు పడాలి, మైకు నోటికి అడ్డు రాకూడదు. భాష మార్చేముందు ఆ సంగతి చెప్పాలి.

• తెరపై ఉన్నది చూపులేనివారి కోసం చదివి వినిపించాలి.

• సంజ్ఞా భాష అనువాదకులకు ప్రసంగ పాఠం ముందే ఇవ్వాలి.

• ర్యాంపు హాలుకే కాదు, వేదికకూ ఉండాలి. దివ్యాంగులు శ్రోతలే కాదు, వక్తలు కూడా.

ఎవరికి ఏ ఏర్పాటు కావాలో ఆహ్వాన పత్రికలోనే అడుగుదాం.