గని పంకా నుండి కంప్యూటరు ఫ్యాను వరకు

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో మే నెల ఎండ ఎట్టిదో అక్కడివారికి చెప్పనక్కర లేదు. రామగుండము, మంచిర్యాల ప్రాంతములలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటు దినములు కలవు. అట్టి దినములలో కంప్యూటరు పని నడుమ ఉన్నట్లుండి ఆగిపోవుట, మరల తనంతట తానే మొదలగుట, లేదా నత్తనడక నడచుట అనేకులు చూచియుందురు. "వైరస్ పట్టినది" అని కొందరు, "బోర్డు కాలినది" అని కొందరు తీర్మానించి యంత్రమును మూలకు నెట్టుదురు. పెక్కుసార్లు దోషము అరచేతిలో ఇమిడిపోవు ఒక చిన్న ఫ్యానులో ఉండును. ఆ ఫ్యాను అక్కడికి ఎందుకు వచ్చినదో తెలిసికొన్నచో దాని దోషమును వెదకు క్రమము కూడ బోధపడును.

విసనకర్ర మిక్కిలి ప్రాచీనమైనది. కాని యంత్రముతో గాలిని తోలవలసిన అక్కర బలముగా కలిగినది భూగర్భ గనులలో. 1556లో వెలువడిన అగ్రికోలా గనుల గ్రంథములో, చేతితోను, నీటిచక్రముతోను త్రిప్పు పంకాల చిత్రములు ఉన్నవి. మన ప్రాంతమున సింగరేణి గనులు 1920ల చివర బెల్లంపల్లి వైపునకు, 1960 ప్రాంతమున గోదావరిఖని వైపునకు విస్తరించినవి. ఈ భూగర్భ గనులకు పైన పెద్ద ఫ్యాను ఉండును. అది ఒక మార్గమున చెడుగాలిని పైకి లాగివేయగా, వేరొక మార్గమున మంచిగాలి లోనికి దిగును. నడుమ తలుపులు గాలికి దారి చూపును. ఆ తలుపు తెరచి ఉంచినచో గాలి దగ్గరిదారిన మరలిపోవును; బొగ్గు తీయు చోటికి చేరదు. ఫ్యాను తిరుగుచునే ఉండును, కాని దాని పని జరుగదు. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. కంప్యూటరు పెట్టెలో దీనితో మరల పని పడును.

కంప్యూటరుకు వేడి బెడద పుట్టుకతోనే వచ్చినది. 1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ప్రదర్శింపబడిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 రేడియో వాల్వులు ఉండెను. అది ఇంచుమించు 150 కిలోవాట్ల విద్యుత్తును వినియోగించెను. ఆ విద్యుత్తు అంతయు చివరకు వేడిగా మారవలసినదే. కనుక బలమైన గాలియంత్రములతో దానిని చల్లబరచిరి. ఏ భాగములోనైన ఉష్ణోగ్రత 115 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా సుమారు 46 డిగ్రీల సెంటీగ్రేడు దాటినచో యంత్రము ఆగిపోవు ఏర్పాటు కూడ చేసిరి. మన రామగుండపు మే నెల మధ్యాహ్నము ఆ హద్దుకు ఎంత చేరువలో ఉన్నదో విద్యార్థులే పోల్చి చూడవచ్చును.

మన దేశమున బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో 1960లో పూర్తియైన టిఫ్రాక్ కూడ వాల్వుల యంత్రమే. అందు సుమారు 2,700 వాల్వులు ఉండెను. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించెను. అప్పటికి వాల్వుల స్థానమును ట్రాన్సిస్టర్లు ఆక్రమించినవి. ఒక్కొక్క ట్రాన్సిస్టరు పుట్టించు వేడి స్వల్పము. అందుచేత వేడి బెడద తీరినదని తోచెను.

కాని వేడి మరియొక దారిన తిరిగివచ్చెను. 1981లో వచ్చిన ఐ.బి.ఎమ్. పర్సనల్ కంప్యూటరులోని 8088 ప్రాసెసరులో 29,000 ట్రాన్సిస్టర్లు మాత్రమే ఉండెను. దానికి వేరుగా ఫ్యాను లేదు. విద్యుత్ సరఫరా పెట్టెలోని ఫ్యానే చాలినది. 1993 నాటి పెంటియమ్‌లో ట్రాన్సిస్టర్లు 31 లక్షలకు చేరినవి. వేడి సుమారు 15 వాట్లైనది. గోరంత చోట పుట్టిన ఆ వేడిని వెడల్పైన తలముపై పరచుటకు లోహపు రెక్కలు గల హీట్ సింకును, దానిపై ఫ్యానును బిగించుట సామాన్యమైనది. 2004 నాటికి కొన్ని పెంటియమ్-4 ప్రాసెసర్ల వేడి 100 వాట్లు మించెను. ఆ యేటనే ఇంటెల్ సంస్థ టెజాస్ అను తరువాతి ప్రాసెసరు ప్రణాళికను విరమించుకొని, ఒకే ప్రాసెసరులో రెండు కోర్లను అమర్చు మార్గము పట్టెను. వేగపు పందెమునకు వేడి ఆనకట్ట వేసినదన్నమాట.

ఇక ఫ్యాను సంగతి. పాతకాలపు మోటార్లలో బొగ్గు బ్రష్షులు ఉండెడివి. అవి అరుగును, నిప్పురవ్వలు పుట్టించును. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ఫలితము ఆధారముగా అయస్కాంతపు స్థితిని తెలిసికొను చిన్న పరికరము తయారైనది. 1962లో విల్సన్, ట్రికీ అనువారు బ్రష్షులకు బదులు ట్రాన్సిస్టర్లతో నడచు డి.సి. మోటారును వర్ణించిరి. నేటి కంప్యూటరు ఫ్యాను ఆ వంశమునకు చెందినదే. అందలి రెండు తీగెలు 12 వోల్టుల విద్యుత్తును ఇచ్చును. మూడవ తీగె ప్రతి చుట్టుకు సాధారణముగా రెండు సంకేతములు పంపి వేగమును తెలుపును. నాలుగవది ఉన్నచో, వేడిని బట్టి వేగమును తగ్గించుటకు, పెంచుటకు పనికివచ్చును.

ఇప్పుడు ముఖ్యమైన సూత్రము. ఫ్యాను గాలిని చల్లబరచదు. వేడిని గాలిలోనికి మోసికొనిపోవును. కావున ప్రాసెసరు తన చుట్టునున్న గాలికన్న చల్లగా ఎన్నటికిని ఉండజాలదు. ఒక ప్రాసెసరు 65 వాట్ల వేడిని పుట్టించుననియు, దాని హీట్ సింకు ఒక్కొక్క వాటుకు అర డిగ్రీ చొప్పున వేడెక్కుననియు అనుకొందము. గాలికన్న ప్రాసెసరు 32.5 డిగ్రీలు అధికముగా ఉండును. పెట్టెలోని గాలి 25 డిగ్రీలైనచో ప్రాసెసరు 57.5 డిగ్రీలు, 45 డిగ్రీలైనచో 77.5 డిగ్రీలు. దుమ్ము పట్టి అర డిగ్రీ 0.8 డిగ్రీ అయినచో పెరుగుదల 52 డిగ్రీలగును. అప్పుడు ప్రాసెసరు 97 డిగ్రీలకు చేరును. అనేక ప్రాసెసర్లు 100 డిగ్రీల సమీపమున వేగము తగ్గించుకొనును; వేడి ఇంకను పెరిగినచో యంత్రము ఆగిపోవును. అదే దుమ్ము డిసెంబరులో 77 డిగ్రీలతో సరిపెట్టి తన ఉనికిని దాచును. మే నెలలో బయటపడును. వేసవిలో మాత్రమే యంత్రము మొరాయించుటకు కారణమిదే.

ఆ దుమ్ముకు మన ప్రాంతమున కొరత లేదు. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల దూది, సిరిసిల్ల మరమగ్గాల నూలుపీచు, బొగ్గు ప్రాంతపు నల్లని ధూళి, ఇవన్నియు హీట్ సింకు రెక్కల నడుమ మెత్తని పరుపువలె పేరుకొనగలవు.

దోషమును ఈ క్రమమున వెదకవలెను. యంత్రము ఎంతసేపటికి ఆగుచున్నదో మొదట గమనింపవలెను. అరగంట, గంట నడచి ఆగినచో వేడిని అనుమానింపవచ్చును. పిమ్మట సెటప్ తెరమీద ఉష్ణోగ్రతను, ఫ్యాను వేగమును చూడవలెను. ఫ్యాను తిరుగుచున్నను వేగము సున్న అని చూపినచో మూడవ తీగెనో, దాని తగులునో పరీక్షింపవలెను. వేగము సరిగా ఉండి వేడి హెచ్చుగా ఉన్నచో దోషము దుమ్ములోనో, హీట్ సింకు బిగింపులోనో, దాని క్రింద ఎండిపోయిన థర్మల్ పేస్టులోనో ఉండును.

తరువాత ప్లగ్గు తీసివేసి, కొంతసేపు ఆగి, క్యాబినెట్టు తెరువవలెను. ఫ్యానును వ్రేలితో త్రిప్పినచో తేలికగా కొన్ని చుట్లు తిరుగవలెను. బిగుసుకొన్నను, గరగరమన్నను బేరింగు అరిగినట్లే. నూనె చుక్క కొన్నాళ్లే ఆదుకొనును, క్రొత్త ఫ్యానే సరియైన మందు. రెక్కలకు ఏ తీగెయైన అడ్డుపడుచున్నదేమో చూడవలెను. దుమ్మును మెత్తని కుంచెతోను, బ్లోయరుతోను తొలగింపవలెను. ఊదునపుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టి ఉంచవలెను, లేనిచో అది మితిమీరి తిరిగి చెడును.

చివరకు గాలి దారి. ముందునుండి లోనికి, వెనుకనుండి బయటికి గాలి సాగుచున్నదా? వెనుక ఫ్యాను తలక్రిందుగా బిగింపబడలేదు గదా? పెట్టెకును గోడకును జానెడు ఎడమున్నదా? ప్రక్క పలకను తీయగానే వేడి బాగుగా తగ్గినచో దోషము గాలి దారిలో ఉన్నదని తేలును. కాని పలకను అట్లే తీసి ఉంచుట గనిలో తలుపు తెరచి ఉంచుట వంటిది. గాలి దారి తప్పును, దుమ్ము సులువుగా చేరును.

కేంద్ర ప్రభుత్వము 2004లో పాఠశాలలలో కంప్యూటరు విద్యకు పథకము ప్రారంభించిన పిదప ఎన్నో ఉన్నత పాఠశాలలకు ఈ యంత్రములు చేరినవి. పల్లెలో ఒక కంప్యూటరు మూలబడినచో ఒక తరగతి పిల్లల అభ్యాసము ఆగును. ఉపాధ్యాయులు ఫిబ్రవరి నెలలోనే విద్యార్థులచేత గది ఉష్ణోగ్రతను, ప్రాసెసరు ఉష్ణోగ్రతను వ్రాయించి, దుమ్ము తీసిన పిదప మరల వ్రాయింపవలెను. రెండింటి భేదము ఎంత తగ్గినదో పిల్లలు తమ కన్నులతో చూతురు. భౌతికశాస్త్ర పాఠము ఒకటి పూర్తియగును. యంత్రమునకు మరియొక వేసవి గడచును.